బొటనవేలి నాడి

మా అమ్మాయి మొన్న నా పుట్టినరోజుకి చేతికి ఒక గడియారం కట్టింది. టైము చెప్పడం దానికి చిన్నతనం. నేను ఎంతసేపు పడుకున్నానో, ఎంత నడిచానో, నడవకుండా ఎంతసేపు కూర్చుని టీవీ చూశానో అన్నీ దానికి కావాలి. కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంటు లిఫ్టు చెడిపోయి మెట్లెక్కుతుంటే, మూడో అంతస్తు దగ్గర మణికట్టు మీద అది గిజగిజలాడింది. చూస్తే ఎర్రటి గుండె బొమ్మ, పక్కన ఒక అంకె, కింద కాసేపు ఆగమని ఒక సలహా. ఆగాను. ఆగి, నాకు తెలియకుండానే కుడిచేతి బొటనవేలు ఎడమ మణికట్టు మీద పెట్టి కళ్లు మూసుకున్నాను.

పైనుంచి దిగుతున్న పక్కింటావిడ కంగారుపడింది.

"ఏమైందన్నా, చక్కరొస్తుందా, కళ్లు తిరుగుతున్నయా?"

"లేదమ్మా. ఒకాయన యాదికొచ్చిండు."

ఆవిడ నన్నూ, నా బొటనవేలినీ అనుమానంగా చూసి, గోడవారగా తప్పుకుని దిగిపోయింది.

యాదికొచ్చిన ఆయన ఈ వానాకాలంలోనే పోయారు. పేరు చెప్పను. చెప్పినా మా పాత ఆఫీసులో సగం మంది 'ఎవరాయన?' అంటారు. అందరికీ ఆయన నాడి సార్. షేక్‌హ్యాండ్ ఇద్దామని చెయ్యి చాస్తే ఆయన చెయ్యి మన అరచేతిని దాటుకుని మణికట్టు దాకా వెళ్లిపోయేది. బొటనవేలు అక్కడ గట్టిగా అదిమి, రెండో చేతి గడియారం వంక చూస్తూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టేవారు. అప్పటిదాకా మనం గుడ్ మార్నింగ్ చెప్పడానికి కూడా వీల్లేదు. లెక్క అయ్యాక, "బాగానే ఉందండి" అంటే ఆ రోజు మనది. "ఊఁ..." అని ఊరుకున్నారా, మధ్యాహ్నం అన్నం సహించదు.

తొంభైల చివరి మాట ఇది. హైటెక్ సిటీ అంటే అప్పటికి ఒక గుండ్రటి మేడ, దాని చుట్టూ బండరాళ్లు, సీతాఫలం పొదలు. ఊరికంటే ముందు రోడ్డు వచ్చేసింది. అంత వెడల్పు రోడ్డు మీద ఏం చెయ్యాలో ఎవరికీ తెలియక బర్రెలు పడుకునేవి. మా కంపెనీ మాదాపూర్‌లో ఒక కిరాయి ఇంట్లో ఉండేది. రెండువేల సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాములు తికమకపడి ఆగిపోతాయేమోనని ప్రపంచమంతా పరేషాన్‌లో ఉన్న రోజులు. వాటిని వెతికి సరిచేయడం మా పని. సూటిగా చెప్పాలంటే, అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయన్న భయమే మాకు అన్నం పెట్టేది.

అందులో టెస్టింగ్‌కి పెద్ద ఆయన. అంతకంటే తగిన మనిషి దొరకడు. నడుస్తున్న ప్రతిదాన్నీ ఇది ఎప్పుడు ఆగుతుందా అని చూడటం ఆయన స్వభావం. ఫ్యాను కింద కూర్చుంటే ఫ్యాను వంక, లిఫ్టెక్కితే లిఫ్టు తాడు వంక చూసేవారు. మనిషి పొడుగు, సన్నం, కాస్త ముందుకు వంగి ఉండేవారు. భీమవరం వైపు వాళ్లు. నా కంటే పదేళ్లకు పైగా పెద్దయినా నన్ను 'మాస్టారూ' అనేవారు. నేనెవరికీ ఏదీ నేర్పిన పాపాన పోలేదు. అది వాళ్లవైపు మర్యాద.

"ప్రోగ్రాముకైతే ఇంకో కాపీ పెట్టుకుని టెస్టింగ్ చేసుకుంటామండి" అనేవారు గుండె మీద చెయ్యి వేసుకుని. "దీనికి కాపీ లేదు. డైరెక్టుగా ప్రొడక్షనే, అసలు నడుస్తున్నదేనండి."

బస్సు దగ్గర ఆయన పద్ధతి మరీ వింత. సాయంత్రం ఆఫీసు ముందు నేను స్కూటర్‌ని కిక్కు మీద కిక్కు కొడుతూ రోజూ చూసేవాణ్ణి. మన ఊళ్లో బస్సు ఆగుతుందని ఎవడూ అనుకోడు. కొంచెం నెమ్మదిస్తుంది, ఉరికి అందుకోవాలి. అందరూ ఉరికేవాళ్లు. ఆయన మాత్రం ఉన్నచోటనే నిలబడి, పోతున్న బస్సుకి చెయ్యి ఊపేవారు, ఊరికి పోయే చుట్టాన్ని సాగనంపుతున్నట్టు. బస్సు మలుపు తిరిగేదాకా ఊపి, తర్వాతిదైనా పూర్తిగా ఆగుతుందేమోనని రాతి మీద కూర్చునేవారు. కొన్ని సాయంత్రాలు వరసగా మూడు బస్సుల్ని సాగనంపడం నేను కళ్లారా చూశాను.

ఇలా ఉండగా మా ఎండీ గారు విదేశం వెళ్లొచ్చారు. అక్కడ పొద్దున్నే ముసలీ ముతకా అందరూ పరుగులు పెడుతున్నారట. వాళ్లు మనకంటే ముందుండటానికి రహస్యం అదేనని విమానంలోనే తేల్చుకున్నారు. కొత్త భవనంలోకి మారే రోజు ఆఫీసంతా పరుగెత్తాలని, పాత ఆఫీసు నుంచి బయల్దేరి గుండ్రటి మేడ దాటి, కొత్తగూడ చౌరస్తా చుట్టి, కొత్త భవనం దగ్గర ఆగాలని ప్రకటించారు. టీముల పెద్దలు ముందు వరసలో ఉండాలి. ఎండీ గారు పరుగెత్తరు. చివర పూలదండలతో నిలబడి ప్రోత్సహిస్తారు.

ఆ మాట విని అందరూ చప్పట్లు కొట్టారు. నాడి సార్ తన మణికట్టు తానే పట్టుకున్నారు.

ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర నన్ను పక్కకి పిలిచారు. "మాస్టారూ, మా నాన్నగారు జీవితంలో ఒక్కసారే పరిగెట్టారండి."

"ఎందుకు సార్?"

"బస్సు కోసం. కదిలిపోతుంటే పరిగెట్టి అందుకున్నారు. సీటు దొరికింది. టికెట్ కూడా తీసుకున్నారండి." గ్లాసులో టీ వంక చూస్తూ ఆగారు. "ఊరొచ్చింది. దిగలేదు."

ఎంత వయసు సార్ అప్పటికి, అని అడిగాను.

"వచ్చే శ్రావణానికి నాకొచ్చే వయసండి."

రోజూ బస్సులకి చెయ్యి ఊపే మనిషి అప్పుడు నాకు వేరేగా కనిపించాడు. జాలేసింది. "ఎండీ గారికి చెప్పుండ్రి సార్, వదిలేస్తడు" అన్నాను.

"ఏమని చెబుతామండి? మా నాన్నగారు బస్సెక్కారు, కాబట్టి నేను పరిగెట్టనని చెబుతామా? నవ్వరూ? పైగా..." అని గొంతు తగ్గించారు. "ఎన్నాళ్లని ఇలా సాగనంపుతానండి బస్సుల్ని? మా ఆవిడ రోజూ అన్నం వేడిచేసుకుంటూ కూర్చుంటోంది."

అలా పరుగు నేర్చుకోవాలని నిశ్చయించుకున్నారు. తోడుకి నన్ను ఎంచుకున్నారు. నా మీద అభిమానం అనుకుని పొంగిపోయాను. "మీకు స్కూటరుంది కదండీ. నేను పడిపోతే ఆస్పత్రికి చేర్చాలంటే మీరే దగ్గర" అన్నారు.

మర్నాడు తెల్లవారగానే మూసాపేట నుంచి స్కూటర్ మీద వెళ్లేసరికి ఆయన కొత్త భవనం ముందు సిద్ధంగా ఉన్నారు. తెల్ల కాన్వాస్ బూట్లు, ఆఫీసు ప్యాంటు, బెల్టు, ఇన్‌షర్టు. చొక్కా జేబులో గ్లూకోజ్ పొట్లం. తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని వచ్చారు. పెళ్లిచూపులకి తయారైనట్టున్నారనిపించింది గాని అనలేదు.

నేనూ అంతవరకు పరుగెత్తినవాణ్ణి కాదు. నెమ్మదిగా మొదలుపెడదాం అనుకుంటుండగానే ఆయన వెనక పిచ్చికుక్క తగిలినట్టు దూసుకుపోయారు. ఆయనది ఒక తర్కం. పరుగు ప్రమాదకరం. ప్రమాదంలో ఎంత తక్కువసేపుంటే అంత మంచిది. కాబట్టి వీలైనంత వేగంగా పరుగెత్తి త్వరగా వదిలించుకోవాలి. ఈ లెక్కన మూడో దీపస్తంభం దగ్గరికి వెళ్లేసరికి ఇద్దరికీ కళ్లు బైర్లు కమ్మాయి. ఆయన స్తంభాన్ని ఒక చేత్తో వాటేసుకుని, రెండో చేత్తో నా మణికట్టు అందుకుని బొటనవేలు అదిమారు.

"నూట డెబ్భై!" అన్నారు, ఊపిరి అందక. "మాస్టారూ, మీరు కూర్చోండి. మీరు అర్జెంటుగా కూర్చోండి."

రోడ్డు మధ్యలోనే కూర్చున్నాను. బర్రెలు తలెత్తి చూశాయి.

ఆ రోజుల్లో మన దగ్గర ఊరికే పరుగెత్తేవాళ్లు లేరు. పాలక్యాన్లతో సైకిల్ మీద పోతున్న ఒకాయన మమ్మల్ని చూసి బ్రేకు వేశాడు. "ఏమైంది సార్, ఎవలన్న సచ్చిన్రా? చెప్పుండ్రి, నేను జల్ది పోయి చెప్పొస్త" అన్నాడు. ఎవరూ చావలేదని చెబితే నమ్మలేదు. అంత హడావుడికి ఒక్క చావైనా ఉండాలని అతని ఉద్దేశం. కొత్త భవనం వాచ్‌మన్ యాదయ్య అయితే రోజూ కుర్చీలోంచి లేచి మా వెనక చూసేవాడు. "ఎవడు తరుముతుండు సార్? చెప్పుండ్రి, కట్టె తెస్త."

ఒకరోజు నాడి సార్ పరుగు నుంచి వగరుస్తూ వచ్చి యాదయ్య చెయ్యి అందుకున్నారు. లెక్క చూసుకోగానే ఆయన మొహం తెల్లబోయింది.

"యాదయ్యా, నువ్విప్పుడు ఏం చేస్తున్నావు?"

"ఏం జేస్త సార్. కూసున్న."

"దానికి ముందు?"

"పండుకున్న."

ఆయన నా వైపు తిరిగారు. "చూశారా మాస్టారూ, కూర్చున్న మనిషికి నూట యాభై! వీడికంటే మనమే నయం." యాదయ్యకి చెమటలు పట్టాయి. డ్యూటీ వదిలేసి ఆ పూటే దర్గాకి పోయి తాయత్తు కట్టించుకొచ్చాడు. మర్నాడు ఇంకా పరుగు మొదలుపెట్టకముందే నాడి సార్ వాడి చెయ్యి పట్టి చూస్తే ఎనభై దాటలేదు. ఆయన ఆశ్చర్యపోయారు. "పనిచేసిందండి!" అన్నారు. పరుగెత్తి వచ్చి చూస్తే మళ్లీ నూట యాభై. "ఇది చల్లపూటే పనిచేసే తాయత్తు. ఎండ తగిలితే లాభం లేదు" అని తేల్చారు.

ఇప్పుడు చదువుతున్న మీకు విషయం అర్థమయ్యే ఉంటుంది. మాకు కాలేదు. రోజంతా వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి జీతం తీసుకునేవాళ్లం ఇద్దరం. మీటింగులో ఎండీ గారు కేకలేస్తుంటే ఆయన బల్లకింద పక్కవాడి మణికట్టు పట్టుకుని, "మీటింగులు మీకు పడవండి" అనేవారు. ఆ పక్కవాడు హాయిగా నిద్రపోతుండేవాడు. అయినా మాకు అనుమానం రాలేదు. మణికట్టు ఎక్కడుంటుందో తెలియక బర్రెల్ని వదిలేశారు గాని, లేకపోతే మాదాపూర్ బర్రెలన్నిటికీ గుండెజబ్బు తేలేది.

బొటనవేలే ఎందుకు సార్ అని ఒకసారి అడిగాను. "ఇది అన్నిటికంటే పెద్దదండి. ఇంట్లో ముఖ్యమైన సంగతి పెద్దవాణ్ణి అడుగుతాం గాని పిల్లల్ని అడుగుతామా?" అన్నారు.

నాది రోజూ నూట డెబ్భై దగ్గరే ఉందని తెలిసి నాలోనూ దిగులు మొదలైంది. రాత్రుళ్లు పక్కకి తిరిగి పడుకుంటే చెవిలో గుండె చప్పుడు వినిపించేది. ఉండబట్టలేక మా ఆవిడకి చెప్పాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని.

"పొద్దుగాల పొద్దుగాల లేసి పోయి గుండె ఖరాబు చేసుకొస్తున్నవా?" అంది. "దవాఖానకు పోతవా, మా అన్నను పిలవాల్నా?" దవాఖానకి పోయేదాకా ఉప్పు బంద్, ఆదివారం కోడికూర బంద్ అని హుకుం జారీ చేసింది. రెండు ఆదివారాలు సొరకాయ తిన్నాక నాకు గుండె కన్నా కూర మీద బెంగ ఎక్కువైంది.

మూసాపేటలో మా వీధి చివర ఒక ముసలి డాక్టరుండేవాడు. పటాలంలో పనిచేసొచ్చిన మనిషి, జబ్బు లేకుండా వచ్చినవాళ్లంటే ఒళ్లు మంట. నాడి సార్ తానూ వస్తానన్నారు. "మీ కేసు మొదటినుంచీ చూస్తున్నది నేనండి. వివరాలు నేనే చెప్పాలి."

డాక్టరు నా చెయ్యి చూశాడు, ఛాతీ చూశాడు, వీపు చూశాడు. "ఏం లేదు. గుర్రం లెక్క ఉన్నవు. ఎవడు జెప్పిండు నీకు రోగమని?"

"నేనేనండి" అన్నారు నాడి సార్, గర్వంగా. "రోజూ చూస్తున్నాను. ఒక్కరోజూ తగ్గలేదు."

"గట్లనా? ఏదీ, నాది చూడు." డాక్టరు చెయ్యి చాపాడు.

ఆయనకి డాక్టర్లంటే వణుకు. ఆ మందుల వాసనకే నుదుట చెమట పట్టేసింది. అయినా బాధ్యతగా బొటనవేలు అదిమి, గడియారం చూసి లెక్కపెట్టారు. లెక్క అవుతుండగానే మొహంలో కంగారు కమ్ముకుంది. ఇంకోసారి లెక్కపెట్టారు. తర్వాత లేచి నిలబడి, తాను కూర్చున్న కుర్చీ డాక్టరు వైపు జరిపారు.

"డాక్టరు గారూ, మీరు ముందు కూర్చోండి. కంగారు పడకండి. మీరు... మీరు త్వరగా ఎవరికైనా చూపించుకోవాలండి."

డాక్టరు కాసేపు ఆయన్నీ, ఆయన బొటనవేలినీ చూశాడు. పిదప ఆ కుర్చీలో నిజంగానే కూలబడ్డాడు, నవ్వు ఆపుకోలేక. నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అరే నాయనా, బొటనవేలికి సొంతంగా నాడి ఉంటది. గట్టిగా అదిమితే నీది నీకే తెలుస్తది. నువ్వు లెక్కబెట్టింది నాది కాదు. నీది."

ఆయన తన బొటనవేలిని మొహం దగ్గరికి తెచ్చుకుని చూసుకున్నారు, ఇన్నాళ్లూ ఇంట్లో ఉంటూ మోసం చేసినవాణ్ణి చూసినట్టు.

"అయితే యాదయ్యదండి?"

"యాదయ్య ఎవడో నాకు తెల్వదు. అదీ నీదే."

"ఈ మాస్టారిది?"

"నీదే."

"ఆఫీసులో అందరిదీ..."

"అందరిదీ నీదేనయ్యా!"

ఆయన నెమ్మదిగా బల్ల అంచున కూర్చున్నారు. మొహంలో నవ్వు లేదు. ఎవరెవరికో గుండె పాడైందని ఆయన నిజంగానే బెంగపడ్డారు. యాదయ్య పిల్లల సంగతి ఏమిటని నాతో చాలాసార్లు అన్నారు. ఇప్పుడా జబ్బులన్నీ ఊరంతా తిరిగి తిరిగి ఒక్క మనిషి దగ్గరికే వచ్చి కూర్చున్నాయి. అప్పటిదాకా పళ్లు బిగించి నవ్వాపుకుంటున్న నాకు కూడా నవ్వు పోయింది.

"అయితే నాకే నూట డెబ్భై అన్నమాట" అన్నారు చిన్నగా. తర్వాత నాన్నగారి సంగతి డాక్టరుకి చెప్పారు. బస్సు, సీటు, టికెట్.

డాక్టరు నవ్వడం మానేశాడు. ఆయన్ని బల్లమీద పడుకోబెట్టి తీగలు తగిలించి గుండె గీతలు తీశాడు. లేపి మెట్లు ఎక్కించి, దింపి, మళ్లీ తీశాడు. కాగితం బయటికొస్తుంటే ఆయన మెడ ఎత్తి ఎత్తి చూశారు.

"డాక్టరు గారూ, ఈ గీత ఇలా పైకి లేచిందేమిటండీ?"

"లేవకపోతే నీ ఇంటోళ్లు ఏడుస్తరు. పండుకో."

చివరికి కాగితం చుట్టి ఆయన చేతిలో పెట్టాడు. "బాగుంది. ఎన్నడూ ఉరకనోడు ఒక్కసారి ఉరికితే గుండె కొట్టుకోక ఏం జేస్తది? దానికీ అలవాటు కావాలె. పైగా నువ్వు భయంతో ఉరుకుతున్నవు. భయం సగం, పరుగు సగం. గడియారం పక్కన పెట్టు, వేళ్లు పక్కన పెట్టు. ఉరుక్కుంట పక్కోనితో మాట్లాడు. మాట పూర్తిగా వస్తే సరైన జోరు. మాట తెగిందా, నడువు. గంతే."

ఆ సలహా మా డాక్టరు ఇంకొంచెం ఆలోచించి ఇవ్వాల్సింది. నాడి సార్ వైద్యుల మాట జవదాటేవారు కాదు. మర్నాటినుంచి పరుగు మొదలైన క్షణం నుంచి ఆగేదాకా మాట్లాడుతూనే ఉన్నారు. పూతరేకులు ఎలా చుట్టాలో చెప్పారు. బావమరిది ఇల్లు కట్టినప్పుడు మెట్లు తప్పుగా పెట్టిన వైనం చెప్పారు. మాట మధ్యలో ఊపిరి తెగితే నడక, అందితే మళ్లీ పరుగు, మళ్లీ ఆ మెట్ల దగ్గరినుంచే కథ. మూడో దీపస్తంభం దాటాం. గుండ్రటి మేడ దాటాం. మెట్లు మాత్రం కొన్ని వారాలు పట్టాయి. యాదయ్య కూడా కుర్చీలోంచి లేవడం మానేశాడు. "ఇప్పుడు ఎవడూ తరుముతలేడు, ముచ్చట పెట్టుకుంట పోతున్నరు" అని అందరికీ చెప్పేవాడు. నాకు ఆదివారం కోడికూర తిరిగొచ్చింది.

వేలి సంగతి మాత్రం వేరే. డాక్టరు చెప్పినట్టు రెండు వేళ్లు పెట్టి అందరి నాడీ కొత్తగా చూశారు. అందరిదీ మామూలుగా ఉంది. ఆయనకి అది నచ్చలేదు. "ఇలా చూస్తే ఎవరికీ ఏమీ లేదండి" అన్నారు, ఏదో పోగొట్టుకున్నట్టు. వారం తిరక్కుండా మళ్లీ బొటనవేలికే వచ్చారు. నాడి ఎవరిదైతేనేం, చెయ్యి పట్టుకోవడం ఆయనకి అలవాటైపోయింది. ఆయన పట్టుకోకపోతే మాకూ రోజు మొదలైనట్టు ఉండేది కాదు.

పరుగు రోజు వచ్చింది. శ్రావణం దాటింది కూడా. ఆయన అంతగా భయపడ్డ ఆ వయసులో అప్పటికే అడుగుపెట్టారు. ముందు వరసలో ఇన్‌షర్టుతో నిలబడ్డారు. ఎండీ గారు కొత్త భవనం దగ్గర పూలదండలతో, ఫొటోగ్రాఫరుతో ఎదురుచూస్తున్నారు. విజిలేశారు. కుర్రాళ్లందరూ దూసుకుపోయి మొదటి మలుపులోనే నడుం పట్టుకుని నిలబడ్డారు. మేమిద్దరం మాట్లాడుకుంటూ వాళ్లని దాటాం. ఆయన కథలో బావమరిది ఇంటికి ఆ రోజు సున్నాలు వేస్తున్నారు.

కొత్తగూడ చౌరస్తా చుట్టి వెనక్కి తిరిగాం. మా ముందు ఒక్కరూ లేరు. కొత్త భవనం కనిపిస్తోంది, ఎండీ గారి చేతిలో దండ కూడా కనిపిస్తోంది. సరిగ్గా అప్పుడు పక్కన ఆగిన ఆర్టీసీ బస్సు బుర్రుమని కదిలింది.

నాడి సార్ మాట ఆగింది. నేను ఊపిరి తెగిందేమో, నడుద్దాం అనుకున్నాను. ఆయన బస్సు వంక చూస్తున్నారు. కుడిచెయ్యి అలవాటుగా ఊపడానికి సగం లేచింది. అక్కడే ఆగింది.

"మాస్టారూ" అన్నారు, "నేను ఇప్పుడే వస్తానండి."

అని పరుగు దారి వదిలేసి బస్సు వెనకపడ్డారు. అంతకు ముందూ ఆ తర్వాతా ఆయన అలా పరుగెత్తడం నేను చూడలేదు. బెల్టు, ఇన్‌షర్టు, కాన్వాస్ బూట్లు, ముందుకు వంగిన ఆ పొడుగు మనిషి రెండు చేతులూ ఊపుకుంటూ పోతుంటే, వెనక మెట్టు మీద వేలాడుతున్నవాడు చెయ్యి అందించాడు. ఎక్కేశారు. బస్సు ఎండీ గారి ముందు నుంచే పోయింది. దండ పట్టుకున్న ఆయన, కిటికీలోంచి తన టెస్టింగ్ పెద్ద చెయ్యి ఊపుతుంటే, ఏం చెయ్యాలో తెలియక తనూ చెయ్యి ఊపారు.

దండ నా మెడలో పడింది. ఫొటోలో నేను ఏడుపు మొహంతో ఉంటాను. బస్సు పోయిన దిక్కే చూస్తూ ఉన్నాను మరి. డాక్టరు కాగితం, గీతలు, అన్నీ మర్చిపోయాను. ఆయన సీట్లో కూర్చుని ఉంటారు, టికెట్ తీసుకుని ఉంటారు అనుకుంటుంటే నా గుండె దడదడలాడింది. యాదయ్య వచ్చి "సార్ ఏడికి పోయిండు?" అంటే బస్సు పోయిన రోడ్డు చూపించాను. స్కూటర్ తీద్దామా అనుకుంటుండగా చాలాసేపటికి ఎదురు దిక్కు నుంచి ఇంకో బస్సు వచ్చింది. ఎప్పటిలాగే అదీ ఆగలేదు, కొంచెం నెమ్మదించింది. అందులోంచి ఆయన దూకారు. చొక్కా బయటికొచ్చేసింది, జుట్టు చెదిరిపోయింది.

నా దగ్గరికొచ్చి నలిగిన టికెట్ ముక్క చూపించారు. కళ్లలో నీళ్లున్నాయి, నోటినిండా నవ్వుంది.

"సీటు దొరికిందండి మాస్టారూ. టికెట్ కూడా తీసుకున్నాను." కాసేపు ఊపిరి పీల్చుకున్నారు. "దిగాను కూడా అండి."

నాకు ఆయన్ని గట్టిగా పట్టుకోవాలనిపించింది. ఆఫీసంతా చూస్తోందని, మెడలో దండ తీసి ఆయనకి వేశాను. నా జీవితంలో చూసిన అసలైన పరుగు అదొక్కటే. ఆయనంటే నాకు ఎంత ఇష్టమో కూడా ఆ రోజే తెలిసింది.

రెండువేల సంవత్సరం వచ్చింది, ఏదీ ఆగలేదు. ఆయన కొంచెం నిరాశపడ్డారు గాని బస్సుల్ని సాగనంపడం మాత్రం పూర్తిగా మానేశారు. తర్వాత కంపెనీలు మారాం, ఇళ్లు మారాం. ఆయన రిటైరై బాచుపల్లిలో ఉండేవారు. ఎప్పుడు వెళ్లినా గుమ్మంలోనే మణికట్టు అందుకునేవారు.

ఈ ఎండాకాలం ఆస్పత్రిలో చేర్చారని తెలిసి వెళ్లాను. జబ్బు కాలేయానిది. గుండె మాత్రం నిక్షేపంగా ఉందని డాక్టర్లు ఆశ్చర్యపోతున్నారని వాళ్లావిడ బయటే చెప్పి కళ్లు తుడుచుకున్నారు. లోపల మంచం మీద మనిషి సగమైపోయి ఉన్నారు. నన్ను చూడగానే దుప్పటిలోంచి చెయ్యి బయటికొచ్చింది. నా అరచేతిని దాటుకుని మణికట్టు దాకా వచ్చింది. బొటనవేలు అదిమారు. చేతికి గడియారం లేదు. గోడ మీది గడియారం వంక చూస్తూ పెదాలు కదిపారు.

"మీది బాగా నెమ్మదించిందండి మాస్టారూ" అన్నారు.

"మంచిదే కద సార్?"

"మంచిదేనండి. హాయిగా మాట్లాడుకుంటూ పోవచ్చు."

ఏం చెయ్యాలో తోచక నేనూ ఆయన మణికట్టు అందుకుని, ఎన్నడూ లేంది, బొటనవేలు పెట్టి అదిమాను. వేలి కింద గుండె దబదబా కొట్టుకుంటోంది.

"మీది మస్తు జోరుగుంది సార్" అన్నాను.

"అవునా అండి?" అని ఆయన నవ్వారు. నా బొటనవేలి వంక చూశారు. నేను ఆయన బొటనవేలి వంక చూశాను. వేలు మార్చమని ఇద్దరిలో ఎవరూ అనలేదు.